ఇంకో జానెడు

నవంబరు 3, ఆదివారం

పొట్టికి నిన్న పెళ్ళయిపోయింది. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం నాదే. పెన్ను మొరాయిస్తే పెళ్ళికొడుకే జేబులోంచి ఇంకోటి తీసి ఇచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు. భార్య పోయి చాలా ఏళ్ళయిందట. మనిషి మంచివాడే. వంక పెట్టడానికి ఎంత వెతికినా చెవుల్లో వెంట్రుకలు తప్ప ఏమీ దొరకలేదు.

యాభై రెండేళ్ళ పెళ్ళికూతురు కొత్త చెప్పులు కరుస్తున్నాయని పొద్దుట్నించీ సణుగుతూనే ఉంది. దాని సణుగుడు విని విని అలవాటైన చెవులు నావి. మాస్టారు మాత్రం ఆ మాట వినగానే బయటికెళ్ళి చెప్పులకి అంటించే పట్టీ కొనుక్కొచ్చాడు. పందొమ్మిదేళ్ళలో నాకు తోచని పని.

పందొమ్మిదేళ్ళు ఒకే ల్యాబులో ఉద్యోగం, ఒకే ఇంట్లో కాపురం. నేను రక్తం తీసేదాన్ని, అది కౌంటర్లో కూర్చుని రిపోర్టులు ఇచ్చేది. పెళ్ళి కుదరగానే ఉద్యోగం మానేసింది. మీకేమవుతారు అని ఎవరడిగినా ఫ్రెండ్సుమండీ అని తప్పించుకునేవాళ్ళం. మాస్టారు ఒక్క పూటలో తేల్చేశాడు. ఆటో ఎక్కుతూ "మా ఇంటికి తరచూ వస్తుండాలి వదినగారూ" అన్నాడు. వదిననట.

సరే. దాని బతుకు బాగుపడింది. నాకు సంతోషంగానే ఉంది.

నవంబరు 4, సోమవారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది. దాని రేడియో గోల లేదు, బాత్రూములో కూనిరాగం లేదు. పెందలాడే పడుకున్నాను. దీపం తీసేస్తూ "గడియ పెట్టావా?" అన్నాను పైకే. నేనే లేచి చూసుకున్నాను.

నవంబరు 6, బుధవారం

సాయంత్రం మఫ్లరు అల్లాను. ముదురు ఆకుపచ్చ ఊలు. పెళ్ళికి ముందురోజు సామాన్లు సర్దుకుంటూ మధ్యలో ఆగి, పొట్టి కుట్లు ఎక్కించి నా చేతిలో పెట్టింది. "అల్లుతూ ఉండవే సూదమ్మా. నీ ఎత్తంత అయ్యాక వచ్చి మూసేసి పోతాను" అంది. సూదమ్మ అన్నది ల్యాబుకొచ్చే పిల్లలు నాకు పెట్టిన పేరు. ముందు దాన్ని ఎగతాళికి వాడింది, తర్వాత అదే ఖాయమైంది.

మా అల్లిక ఎప్పుడూ అంతే. పుల్లకి కుట్లు ఎక్కించి మొదటి వరస అల్లడం దాని పని. నడుమంతా నాది. చివర్లో కుట్లన్నీ విడిపోకుండా మూసెయ్యడం మళ్ళీ దానిది. దానికి నడుమ అల్లే ఓపిక లేదు, పది వరసలకే ఆవలింతలు. నాకేమో మొదలూ చివరా చికాకు. ఎవరికి చేతనైంది వాళ్ళు చేశాం. ల్యాబులో సగం మంది మెడల్లో ఉన్నవి మేం అల్లినవే. దాంతో ఏమైందంటే, యాభై అయిదేళ్ళొచ్చి, ఇన్ని స్వెట్టర్లు అల్లి, ఒక్క కుట్టు సొంతంగా ఎక్కించడం నాకు తెలీదు, మూయడమూ తెలీదు. ఈ సంగతి నాకు ఇవాళే తట్టింది.

వరస మధ్యలో ఉన్నప్పుడు నన్ను పలికించకు అని దాన్ని కసిరేదాన్ని. మధ్యలో వదిలి లేస్తే అక్కడి కుట్టు సాగి వదులైపోతుంది మరి. ఇప్పుడు మధ్యలో ఉన్నా చివర్లో ఉన్నా పిలిచేవాళ్ళు లేరు. అల్లిక చాలా సమంగా వస్తోంది.

నవంబరు 13, బుధవారం

మఫ్లరు నా ఎత్తంత అయింది. గోడకి ఆనించి చూసుకున్నాను. వారంలో ఇంత అల్లడం ఎప్పుడూ లేదు. మణికట్టు పీకుతోంది. తొందరేం లేదు, ఊరికే చెయ్యి ఆడింది.

పొట్టికి ఫోన్ చేశాను. అప్పుడే అయిపోయిందా అని నవ్వింది. ఈ ఆదివారం మాస్టారి తరఫు బంధువులు చూడ్డానికొస్తున్నారట, వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానంది. "ఈలోగా ఇంకో జానెడు అల్లు, పొడుగున్నా పరవాలేదు" అంది.

నవంబరు 20, బుధవారం

జానెడు అయింది. ఊలు కూడా అయిపోయింది. బజారుకెళ్ళి ఊలు కొట్టాయనకి ముక్క చూపించాను. అదే రంగు ఉండ తీసి ఇచ్చాడు. ఇస్తూనే, ఉండకి చుట్టిన కాగితం మీద నంబరు చూసుకోలేదా అమ్మా, ఇది వేరే తొట్టిలో వేసిన రంగు, పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది, అందుకే మొదట్లోనే సరిపడా కొనుక్కోవాలి అని చెప్పాడు. సరిపడానే కొన్నామండీ అన్నాను. అది నిజం. ఒక మనిషి ఎత్తుకి సరిపడా కొన్నాం.

నా ముక్క తిరగేసి చూసి, ఇంత సమంగా అల్లేవాళ్ళని ఈ మధ్య చూళ్ళేదన్నాడు. శనివారం సాయంత్రాలు లైబ్రరీలో అల్లికవాళ్ళు కలుస్తారట, వెళ్ళమన్నాడు. నలుగురితో కూర్చుని కబుర్లాడే తీరిక నాకెక్కడిది.

నవంబరు 23, శనివారం

వెళ్ళాను. దారిలోనే కదా అని.

పిల్లల పుస్తకాల గదిలో కూర్చుంటారు. కుర్చీలన్నీ పిల్లలవే. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. లైబ్రేరియను నడిపిస్తుంది, గట్టిగా మాట్లాడే మనిషి, ఉద్యోగంలో మాట్లాడనివ్వరు కాబట్టి కాబోలు. ఒక బస్సు డ్రైవరున్నాడు, పెద్ద మీసాలు. బస్సు నిలిపి ఉంచే గంటల్లో టోపీలు అల్లుతాడట. అతని టోపీలు గుమ్మడికాయకి కూడా వదులే. ఈ మధ్యే చేరిన బ్యాంకు అమ్మాయి ఒకతి. ఇంకా ఒకరిద్దరు వచ్చిపోయేవాళ్ళు.

నా అల్లిక చేతికి చేతికి మారింది. ఊలు ఇంత సమంగా ఎలా నడుస్తుందని అడిగారు. చిటికెనవేలికి ఒక చుట్టు చుట్టి, చూపుడువేలి మీదుగా తీసుకోండి, వేళ్ళే బిగువు చూసుకుంటాయి, మనం లాగక్కర్లేదు అని చూపించాను. అందరూ చుట్టుకున్నారు. చాలారోజుల తర్వాత నోరు నొప్పెట్టేలా మాట్లాడాను. రోజంతా నేను జనంతో అనేవి రెండే ముక్కలు: పిడికిలి బిగించండి, వదలండి.

రేపు పొట్టి వస్తుంది. దాని కుర్చీ మీది బట్టలు తీసి మడతపెట్టాను.

నవంబరు 24, ఆదివారం

రాలేదు. మాస్టారికి జలుబట. ఇంకో జానెడు అల్లమంది.

డిసెంబరు 1, ఆదివారం

జలుబు దీనికి అంటుకుంది. ఇంకో జానెడు.

కొత్త ఊలు కలిసిన చోట గీత కనిపిస్తోంది. దీపం వెలుగులో తెలీదు, పగలు చూస్తే తెలుస్తుంది. అందుకని సాయంత్రాలే అల్లుతున్నాను.

డిసెంబరు 7, శనివారం

లైబ్రేరియను బ్యాంకు అమ్మాయిని నాకు అప్పగించింది. మీకంటే బాగా ఎవరు నేర్పుతారు అంది. ఆ పిల్ల కొత్త పుల్లలు, కొత్త ఊలు తెచ్చుకుని నా పక్కన చేరి "మొదట్నించీ నేర్పండి ఆంటీ" అంది.

మొదలేముందమ్మా, మొదలు ఎవరైనా కడతారు, అసలు విద్యంతా నడుమలో ఉంది, ఎవరిచేతనైనా కుట్లు ఎక్కించుకుని రా, నడుమ నేను చూపిస్తాను అన్నాను. నాకే ముచ్చటేసింది ఆ మాట. ఆ పిల్ల తల ఊపింది. డ్రైవరు మాత్రం టోపీలోంచి తలెత్తి ఒకసారి నా వంక చూశాడు. అతని చూపు నాకు నచ్చలేదు.

డిసెంబరు 8, ఆదివారం

పొట్టి పొద్దున్నే ఫోన్ చేసింది, నేను చెయ్యకముందే. మాస్టారికి కంట్లో శుక్లం తీశారట. బరువులెత్తకూడదు, వంగకూడదు, మనిషి పక్కన ఉండాలి. కదలడానికి లేదే అంది. గొంతులో అలసట ఉంది, పాపం. ఈసారి జానెడు సంగతి ఎత్తలేదు. నేనే ఎత్తాను, ఇంకో జానెడు అల్లనా అని. అల్లవే అంది.

ఒకటి మాత్రం రాసుకోవాలి. కోపం లేదు నాకు. కంటి ఆపరేషన్ ఎవరు మాత్రం కావాలని చేయించుకుంటారు?

డిసెంబరు 15, ఆదివారం

నేనే వెళ్ళాను. చూసి రావడం మర్యాద కదా. పళ్ళు కొన్నాను, మఫ్లరు సంచిలో పెట్టుకున్నాను. రెండు బస్సులు మారి, ఊరికి ఆ చివర. వస్తున్నట్టు చెప్పలేదు. చెబితే వద్దంటుందని కాదు, ఫోన్లో చార్జింగు లేదు.

బస్టాపు వాళ్ళింటికి ఎదురుగానే ఉంది. కింది వాటా, ముందు చిన్న వరండా. మాస్టారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ ముందుకి చాపి. చేతులకి పసుపు రంగు ఊలు చిలప, పెద్ద దండలా. పొట్టి ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉండ చుడుతోంది. అతనికి చేతులు ఆడించడం రాదు. పోగు ఎటు వస్తే చేతులు అటు వాల్చాలి, లేకపోతే చిక్కు పడుతుంది. పొట్టి అతని మోచెయ్యి పట్టుకుని చూపిస్తోంది. నవ్వుతోంది. అలసినట్టేం లేదు.

పందొమ్మిదేళ్ళు ఆ చిలప పట్టిన చేతులు నావి. ఊలు చిలపల్లో కొంటే చవక, ఉండ చుట్టడానికి మాత్రం ఇంట్లో ఇద్దరుండాలి. ఒక్కళ్ళే అయితే కుర్చీ వీపుకి తగిలించుకుని చుట్టూ తిరగాలి.

రోడ్డు దాటుదామనే అనుకున్నాను. ఒకసారి రెండడుగులు కూడా వేశాను. ఇంతలో బస్సొచ్చింది. అది పోతే మళ్ళీ అరగంట దాకా లేదు. ఎక్కేశాను.

డిసెంబరు 16, సోమవారం

పళ్ళు ల్యాబులో పంచాను.

డిసెంబరు 18, బుధవారం

ఆదివారం సాయంత్రం ఇంటికి రాగానే చేసిన పని ఇవాళ రాస్తున్నాను. మఫ్లరులోంచి పుల్ల లాగేశాను. మొత్తం విప్పేసి పారేద్దామని. పోగు పట్టి గుంజితే బర్రున వచ్చింది, ఒక జానెడు పోయింది, ఇంకో జానెడు పోయింది. గీత దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. కింద ఉన్నది మొదటి ఊలు, పొట్టి ఎక్కించిన కుట్లు. ఇవి కూడా విప్పితే మళ్ళీ ఎక్కించేవాళ్ళు లేరు.

కుట్లని మళ్ళీ పుల్లకి ఎక్కించుకునేలోపు రెండు జారి కిందికి పాకాయి. నిచ్చెన మెట్లలా ఖాళీలు పడ్డాయి. విప్పిన ఊలు వంకర్లు తిరిగి చేతికి గరుగ్గా తగులుతోంది. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, బరువు కట్టి ఆరేస్తే సాపవుతుంది. ఆరేశాను.

నాకు ఒంటరిగా ఉంది. ఇక్కడ రాయడానికి సిగ్గేమిటి, ఎవరూ చదవరు. చాలా ఒంటరిగా ఉంది.

డిసెంబరు 21, శనివారం

లైబ్రరీలో పరువు పోయింది.

జారిన కుట్లు నాకు ఎత్తడం రాక మఫ్లరు డ్రైవరుకి చూపించాను. క్రోషే సూది తీసి, కింది ఉచ్చులోంచి పై మెట్టు లాగుతూ టకటకా పైదాకా ఎక్కించేశాడు. ఎత్తి నిలబెట్టి చూసి, విప్పాకే ఇంత పొడుగుందంటే అంతకుముందు ఎంతుందమ్మా, మూసెయ్యకూడదా అన్నాడు. మూసేవాళ్ళు వేరే ఉన్నారన్నాను. అంతటితో ఊరుకోవచ్చుగా. "అంటే మీకు మూయడం రాదా?" అన్నాడు, బస్సులో వెనక సీటు దాకా వినబడే గొంతుతో.

లైబ్రేరియనుతో సహా అందరూ తలెత్తారు. బ్యాంకు అమ్మాయి నెమ్మదిగా, అయితే ఎక్కించడం కూడా రాదా ఆంటీ, అందుకేనా నాకు మొదలు చెప్పనిది అంది. ఎగతాళికి కాదు, పాపం నిజంగానే అడిగింది. చెంప పగలగొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. పని ఉందని లేచి వచ్చేశాను. గొడుగు అక్కడే మరిచిపోయాను. వాన కూడా కురిసింది, దానికీ నేనే దొరికాను.

డిసెంబరు 28, శనివారం

ల్యాబులో పని ఎక్కువై లైబ్రరీకి వెళ్ళలేదు. శనివారం మధ్యాహ్నానికే ల్యాబు మూసేస్తారు. అయినా సరే.

డిసెంబరు 29, ఆదివారం

పొట్టి ఫోన్ చేసింది. ఎంతయిందే అనడిగింది. అబద్ధం ఆడాను, మంచం దగ్గర్నించి తలుపు దాకా వచ్చిందన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అటువైపు కుక్కరు కూత వినబడింది, ఉంటానే అని పెట్టేసింది.

జనవరి 2, గురువారం

పొద్దున మొదటి టోకెను ఎవరిదా అని చూస్తే మీసాల డ్రైవరు. షుగరు పరీక్షకట. చంకలో నా గొడుగు.

కుర్చీలో కూర్చున్నాడో లేదో మొహం పాలిపోయింది. రబ్బరు పట్టీ కడితేనే కళ్ళు మూసేసుకున్నాడు. పిడికిలి బిగించండి అన్నాను. బిగించి, కళ్ళు మూసుకునే అన్నాడు: "నాకు సూదంటే భయమమ్మా. మీకు మూయడం రాదు. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది, ఇద్దరికీనూ?"

నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి కదులుతుంది, అందుకని రక్తం తీసేదాకా ఆపుకున్నాను. దూది పెట్టి, వదలండి, అయిపోయింది అంటే నమ్మలేదు. ఇంత తేలిగ్గా ఎవరూ తీయలేదన్నాడు. వెళ్తూ వెళ్తూ, ఆ బ్యాంకు పిల్ల మీకోసం రెండు వారాలుగా అడుగుతోంది, మా చేతుల్లో దాని అల్లిక వలలాగా తయారైంది అని చెప్పి పోయాడు.

జనవరి 4, శనివారం

వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు. లైబ్రేరియను నాకు పెద్దవాళ్ళ కుర్చీ ఒకటి తెప్పించింది.

డ్రైవరు మూయడం చూపించాడు. అతనికి ఇది ఎలా వచ్చిందో ఇవాళ అర్థమైంది. చిన్న చిన్న టోపీలు అల్లేవాడికి వారంవారం మొదలూ చివరా తగులుతూనే ఉంటాయి. నాలా పొడుగు నడుములు అల్లుతూ కూర్చుంటే రావు. రెండు కుట్లు అల్లాలి, మొదటిదాన్ని పట్టుకుని రెండోదాని మీదుగా దాటించి వదిలెయ్యాలి. ఇంకోటి అల్లాలి, మళ్ళీ దాటించాలి. చివరికి ఒక్కటే మిగులుతుంది, పోగు తెంపి దాంట్లోంచి లాగేస్తే సరి. మూసేటప్పుడు ఒక సైజు లావు పుల్ల వాడమన్నాడు, లేకపోతే అంచు బిగుసుకుపోతుందట. ఇంతే. ఇంతదానికి నేను పందొమ్మిదేళ్ళు మనిషిని పెట్టుకున్నాను.

ఎక్కించడం బ్యాంకు అమ్మాయి నేర్పింది. ఫోనులో చూసి తనే నేర్చుకుందట. మొదట వదిలే పోగు, అల్లబోయే వెడల్పుకి మూడింతలకి పైనే ఉండాలి ఆంటీ, లేకపోతే చివరి కుట్ల దగ్గర చాలదు అని నాకు పాఠం చెప్పింది. బదులుగా దాని నడుమ నేను సరిచేశాను. నా చిటికెనవేలు, దాని చిటికెనవేలు పక్కపక్కన పెట్టి పోగు నడిపించాను.

అరచెయ్యంత ముక్క ఒకటి నేనే ఎక్కించి, నేనే అల్లి, నేనే మూశాను. మఫ్లరు జోలికి పోలేదు. దాన్ని మూస్తానన్న మనిషి వేరే ఉంది.

జనవరి 11, శనివారం

లైబ్రరీ. బాగానే గడిచింది. బ్యాంకు అమ్మాయి బస్టాపు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడింది. ఇంటికొచ్చి తాళం తీసేటప్పుడు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

జనవరి 19, ఆదివారం

తలుపు కొడితే ఇస్త్రీవాడనుకున్నాను. పొట్టి.

దాని దగ్గర ఇంటి తాళంచెవి ఉంది. ఇంకా ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అయినా తలుపు కొట్టి, తీసేదాకా బయట నిలబడింది. లోపలికొచ్చి తన కుర్చీలో కాకుండా, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే కుర్చీలో కూర్చుంది. మంచినీళ్ళిస్తే థాంక్స్ అంది. దాని నోట ఆ మాట వినడం ఇదే మొదలు.

ఒంటి మీద పసుపు రంగు స్వెట్టరు. చూడగానే తెలిసిపోయింది. అంచులు శుభ్రంగా ఉన్నాయి, నడుమ గతుకుల రోడ్డులా ఉంది. ఒకచోట బిగువు, ఒకచోట వదులు, చంక కింద ఏకంగా వేలు పట్టే కన్నం. నేను చూస్తున్నది చూసి, "నడుమ అల్లడానికి నువ్వు లేవు కదా, నేనే అల్లుకున్నాను. ఎంత చండాలంగా వచ్చిందో చూడు" అంది. బాగానే వచ్చిందిలే అన్నాను. అది బాగా రానందుకు నాకెంత సంతోషమేసిందో. ఆ వెంటనే, ఆ గతుకులన్నీ వేసుకుని అది ఇంత దూరం రెండు బస్సులు మారి వచ్చిందే అని ఏడుపొచ్చింది. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళాను.

టీ తాగుతూ చాలాసేపు మాస్టారి కన్ను గురించి మాట్లాడుకున్నాం. కన్ను బాగుంది. ల్యాబు గురించి మాట్లాడుకున్నాం. ల్యాబూ బాగుంది. ఇంక బాగున్నవేవీ మిగల్లేదు. అప్పుడు మఫ్లరు తెమ్మంది.

తెచ్చి ఒళ్ళో పెట్టాను. విప్పింది ఆరబెట్టి మళ్ళీ అల్లేశాను కాబట్టి ఎప్పటంత పొడుగూ ఉంది. ఒక కొస పట్టుకుని లేచింది, నడుస్తూ పోతే గుమ్మం దాకా వచ్చింది. నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. గుమ్మం దగ్గర పగటి వెలుగుంది. రంగు మారిన గీత మీద బొటనవేలితో రాస్తూ, ఇక్కడేమైందే అంది.

"నువ్వు మొదటిసారి రానప్పుడు ఊలు అయిపోయింది" అన్నాను.

ఇలా అనాలని అనుకోలేదు. వచ్చేసింది. పొట్టి ఆ గీత దగ్గర్నించి కొస దాకా ఉన్నదాన్ని చేత్తో జాన వేసి కొలుస్తూ వచ్చింది, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. తర్వాత తన కుర్చీలో కూర్చుంది. చెయ్యి చాపి, ఇలా ఇవ్వు అంది.

ఇచ్చాను. పుల్లలు అందుకుని మూయడం మొదలుపెట్టింది. అల్లిన పుల్లతోనే మూస్తోంది, లావు పుల్ల తీసుకోలేదు. అంచు బిగుసుకుంటుందని తెలుసు నాకు. ఎప్పుడూ అలాగే బిగుసుకునేది కాబోలు, చూడ్డం తెలీక మెడలే లావని అనుకునేవాళ్ళం. నోరు మూసుకుని చూస్తూ కూర్చున్నాను. అది పెదవి కొరుక్కుంటూ ఒక్కో కుట్టూ దాటిస్తోంది. సాయంత్రాలు రేడియో పెట్టుకుని ఇలాగే కూర్చునేది. నవంబరు నుంచి నేను కాచుకుని కూర్చున్న పని, టీ గ్లాసులు చల్లారేలోపు అయిపోయింది. కత్తెరతో పోగు తెంపింది.

సంచిలోంచి ఇంకో ఉండ తీసింది. ఇది నీలం. "ఇంకోటి ఎక్కించి పెట్టి పోనా? అల్లుతూ ఉంటావు" అంది.

"వద్దే. ఎక్కించడం నేర్చుకున్నాను. మూయడం కూడా వచ్చు."

చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. "మరి ఇందాక చెప్పలేదేం?"

"నువ్వొచ్చి మూస్తానన్నావుగా. అందుకని ఉంచాను."

పొట్టి తల వంచుకుంది. ఉండకి చుట్టిన కాగితం ఒలుస్తూ కూర్చుంది. ఎన్నో ఆదివారాలు తయారై గుమ్మం దాకా వచ్చి ఆగిపోయానే, వస్తే నీ మొహం చూడాలిగా అంది. ఆ ఫోన్లలో ఒక్కదాంట్లోనైనా ఈ మాట అని ఉంటే నేను రోడ్డు దాటేదాన్ని. నేనూ ఫోన్లో ఒక్కసారైనా అనాల్సింది అనలేదు. ఇవాళ అన్నాను.

"ఇంకోటి అల్లను. ఈసారి పనేమీ పెట్టుకోకుండా ఊరికే రా. తలుపు కొట్టకు, తాళంచెవి ఉందిగా."

చీకటి పడేలోపు బస్సు అందుకోవాలని లేచింది. మఫ్లరు నా మెడకి రెండు చుట్లు చుట్టి, ఇంకా బోలెడు మిగిలితే ఆ కొస నా చేతిలో పెట్టింది. మెట్లు దిగుతూ వస్తాను అంది. ఏ రోజో చెప్పలేదు. చెప్పిన ఏ ఆదివారమూ రాలేదు కదా, చెప్పకపోవడమే నయమనిపించింది.